మడతలో కన్ను

లాప్‌టాప్ గోడకి తగిలి రెండు ముక్కలై మంచం కింద పడింది. తరవాతి వంతు ఇంజనీరుది.

మేస్త్రి, తమ్ముడైన ఆ ఇంజనీరు కాలరు పట్టుకుని బీరువాకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. బీరువా మీది సూట్‌కేసు జారి కింద పడి నోరు తెరిచింది.

"తొమ్మిది రోజుల నుంచీ గడ్డ ఉంది, గడ్డ ఉంది అని ఊదరగొట్టి, గుండు గీయించుకొచ్చాక లేదంటావురా? ఆ ఏడుపేదో నేను మంగలి షాపుకి వెళ్ళకముందు ఏడవలేకపోయావా?"

మేస్త్రి గుండు కిటికీ వెలుగులో నిగనిగలాడుతోంది. టైము పదయింది. రెండు గంటలకి ఆ గుండుకి చిన్న కన్నం పెట్టి, సూది దింపి, గడ్డలోంచి ముక్క తీయాలి. ఆస్పత్రికని సర్దిన సంచి గుమ్మం పక్కనే ఉంది.

"నాకూ ఇప్పుడే తెలిసిందన్నయ్యా. మా ఆవిడ పొద్దున ఎనిమిదింటికి స్కాన్ బొమ్మ మళ్ళీ చూసింది. లేదంటే సంతోషించాల్సింది పోయి..."

"సంతోషమా?"

ఇంజనీరు నిలదొక్కుకోవడానికి బీరువా అంచు పట్టుకున్నాడు. మేస్త్రి అది చూశాడు. కాలితో బీరువా తలుపుని తన్నాడు.

పుల్ల విరిగినట్టు చప్పుడయింది. ఇంజనీరు అరవలేదు. అరవడానికి ఊపిరి అందలేదు. తలుపు సందులోంచి చెయ్యి బయటికి తీసుకుని, మూడు వేళ్ళ కేసి అవి ఎవరివో అన్నట్టు చూశాడు. గోళ్ళ కింద నెత్తురు ఉబికింది.

"నోరు ముయ్యరా చిన్నోడా!" అంది ఆ అన్నదమ్ముల తల్లి, ఇంట్లో ఇద్దరు కోడళ్ళకీ అత్తగారు. అరవనివాణ్ణి. "గడ్డ ఉంది! డాక్టరు చూపించాడు, నేను చూశాను, ఇంత గోళీకాయంత! నా పెద్దకొడుకు మంచివాడు. ఆ గడ్డే వాడి చేత అన్నీ చేయిస్తోంది."

తలలో గడ్డ లేదని తెలిసి గుండెలు బాదుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఈ ఇంట్లో ఉంది. కారణమూ ఉంది.

పదిరోజుల క్రితం, కొత్త కట్టడం రెండో అంతస్తులో, పలక ఒక అంగుళం పక్కకి బిగించాడని సెంట్రింగు పనివాణ్ణి మేస్త్రి ఇనప రసమట్టంతో మొహం మీద కొట్టాడు. దవడ రెండుచోట్ల విరిగింది. పోలీసులు వచ్చేలోగా ఇంజనీరు అన్నని స్కాన్‌కి తీసుకెళ్ళాడు. స్కాన్‌లో గడ్డ కనబడింది. లాయరు ఎగిరి గంతేశాడు. మనిషి తన అదుపులో లేడు, కొట్టింది గడ్డ, మేస్త్రి కాదు అని కాగితం రాసి, మేస్త్రి సంతకంతో పోలీసులకిచ్చాడు. అరెస్టు ఆగింది.

ఇప్పుడు గడ్డ లేదంటే జైలే.

"బావగారూ, ఆయన్ని వదలండి. చెప్పాల్సింది నేను."

అందరూ అటు తిరిగారు. ఆ ఆస్పత్రిలో ఎమ్మారై మిషను నడిపేది చిన్నకోడలే. వీధి వీధంతా ఆమెని స్కానమ్మ అంటుంది. మేస్త్రి తల బొమ్మ తీసిందీ ఆమె చేతులే.

"చెప్పు అమ్మాయీ," అన్నాడు మేస్త్రి. గొంతు తగ్గింది. అతని గొంతు తగ్గితేనే ఆ ఇంట్లో అందరికీ భయం.

స్కానమ్మ రిపోర్టు కవరు తీసుకుని సగానికి మడిచింది.

"మిషను బొమ్మని గీతలు గీతలుగా తీస్తుంది. మొత్తం రెండొందల యాభై ఆరు. అన్నీ తీస్తే చాలాసేపు పడుతుంది. అందుకని మేం గీత విడిచి గీత తీస్తాం. టైము సగమవుతుంది. కానీ బొమ్మ ఇలా మడత పడి వస్తుంది. తల ముందుభాగం వెళ్ళి మధ్యభాగం మీద అచ్చవుతుంది. ఆ మడత విప్పేదే ఈయన రాసిన ప్రోగ్రాం."

"అయితే?"

"విప్పాలంటే ముందుగా తల ఎక్కడుందో కొలుచుకోవాలి. నలభై సెకన్ల పని. కొలిచాక తల కదిలిందంటే మళ్ళీ కొలవాలి. లేదంటే మడత పూర్తిగా విడిపోదు. మీరు మధ్యలో కాళ్ళు తన్నుకుని బయటికొచ్చారు గుర్తుందా? మళ్ళీ పడుకోబెట్టినప్పుడు తల పక్కకి తిరిగింది. నేను... మళ్ళీ కొలవలేదు." ఆమె కవరు మడత మీద వేలు పెట్టింది. "మీ కుడికన్ను వెళ్ళి మెదడు మధ్యలో అచ్చయింది బావగారూ. డాక్టర్లు చూసింది దాన్నే."

మేస్త్రి పగలబడి నవ్వాడు.

"నా కన్ను నా తలలో ఉండక నీ తలలో ఉంటుందా?"

"కన్ను అడ్డంగా ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. గడ్డా అంతే. రెంటికీ మధ్య దూరం సరిగ్గా నూట ఇరవై ఎనిమిది గీతలు. బొమ్మలో సగం. ఒక గీత ఎక్కువ లేదు, తక్కువ లేదు. మీరు మేస్త్రి కదా, మీరే చెప్పండి. గడ్డలు టేపు పట్టుకుని పెరుగుతాయా?"

నవ్వు ఆగిపోయింది.

"మిగతా బొమ్మలున్నాయిగా? డజను తీశావుగా?"

"మీ కదలికకి అన్నీ అలికేసినట్టు వచ్చాయి. ఈ వేగంగా తీసిన బొమ్మ ఒక్కటే తేటగా వచ్చింది. ఎక్స్‌రే స్కాన్‌లో ఏమీ లేదంటే, కొన్ని గడ్డలు దాన్లో దొరకవులే అనుకున్నారు. మళ్ళీ ఎమ్మారై తీద్దామంటే మీరే కాళ్ళు విరగ్గొడతానన్నారు."

"ఎందుకు కొలవలేదు మళ్ళీ?"

ఆ ప్రశ్న వేసింది మేస్త్రి కాదు. గుమ్మం దగ్గర సంచి పక్కన నిలబడ్డ పెద్దకోడలు. పొద్దుటి నుంచీ ఆమె నోరు విప్పడం అదే మొదలు.

స్కానమ్మ మణికట్టు నిమురుకుంది. ఆరోజు గదిలో మేస్త్రి తన మణికట్టు పట్టుకుని, ఇంకొక్క నిమిషం ఎక్కువ పెట్టావంటే మిషనుతో పాటు నిన్నూ పగలగొడతానన్నాడు. ఆ నలభై సెకన్లూ ఆమెకి భయమేసింది. ఆరువేల తలలు చూసిన టెక్నీషియను, ఇంట్లో రోజూ చూసే తలకి భయపడింది.

మధ్యలో ఇంజనీరు అందుకున్నాడు, చేతికి చుట్టుకున్న తువ్వాలు ఎర్రబడుతుండగా.

"ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. కొలవకపోతే ఏ ప్రోగ్రాం మాత్రం ఏం చేస్తుంది?"

"తల కదిలితే ఎర్ర అక్షరాలు వచ్చి మిషను ఆగిపోయేది. అది ఎవరు తీసేశారు?" అంది స్కానమ్మ.

"రోజుకి పదిసార్లు ఆగిపోతోందని డాక్టర్లు గోలపెడితే..."

"నన్నడిగారా?"

"నిన్నెందుకడగాలి? ప్రోగ్రాం రాసింది నేను."

"మరి వేళ్ళు కూడా మీవే. నాకెందుకు చూపిస్తున్నారు?"

ఇంజనీరు ఆమె మీదికి ఎడమచెయ్యి ఎత్తాడు. ఎత్తాక, ఎత్తిన చెయ్యి చూసుకుని దించేశాడు. ఆ చెయ్యి అచ్చం అన్నగారి చెయ్యిలా లేచింది. అది గదిలో అందరూ చూశారు.

"ఆపండి మీ గోల," అన్నాడు మేస్త్రి. మంచం మీద కూర్చున్నాడు. ఆలోచించాడు. మెల్లగా అతని మొహం విచ్చుకుంది. "సరే. కోత వద్దు. గడ్డ మాత్రం ఉండాలి."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆస్పత్రికి వెళ్దాం. అక్కడ భయమేస్తోందంటాను, ఇవాళ వద్దంటాను. ఇంటికొచ్చేస్తాను. రిపోర్టు ఫైల్లో అలాగే ఉంటుంది. సూదీ లేదు, జైలూ లేదు. నువ్వు ఆ కన్ను సంగతి మర్చిపో అమ్మాయీ."

"ఆ సెంట్రింగు అతను ఇంకా గొట్టంతోనే గంజి తాగుతున్నాడు బావగారూ. నేను వార్డులో చూశాను. పళ్ళు తీగలతో కట్టేశారు."

"మర్చిపో అన్నానా?"

"సర్జన్ ఒంటిగంట దాకా ఇంకో ఆపరేషన్లో ఉన్నారు. ముందు ఇంట్లో చెబుదామని ఈయనంటే వచ్చాను. బయటికి రాగానే ఆయనకి చెప్..."

మాట సగంలోనే ఆగింది. మేస్త్రి చెయ్యి ఆమె గొంతు మీద ఉంది. ఇరవై ఏళ్ళు ఇటుకలు మోసిన చెయ్యి. స్కానమ్మ మడమలు నేలమీంచి లేచాయి. ఆమె గోళ్ళు అతని ముంజేతి మీద ఎర్రటి చారలు గీశాయి. అతనికి తెలియను కూడా లేదు.

అత్తగారు గబగబా వెళ్ళి కిటికీ మూసింది. పక్కింటివాళ్ళు వింటారని.

"అన్నయ్యా!" ఇంజనీరు తువ్వాలు చేత్తోనే అతని భుజం లాగాడు. మేస్త్రి మోచేత్తో ఒక్కటిచ్చాడు. ఇంజనీరు కూర్చుండిపోయాడు.

"చాలు. వదలండి," అంది పెద్దకోడలు. గొంతు పెంచలేదు. "చచ్చిందంటే తప్పించుకోవడానికి గడ్డ కూడా సరిపోదు. వదలండి. తను చెప్పదు. నేను చూసుకుంటాను."

మేస్త్రి వదిలాడు.

---

వంటింట్లో కుళాయి తిప్పి, పెద్దకోడలు తడిగుడ్డ స్కానమ్మ మెడకి చుట్టింది. చుట్టే తీరులో తడబాటు లేదు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ నొక్కకూడదో ఆ వేళ్ళకి తెలుసు.

"మింగగలుగుతున్నావా?"

స్కానమ్మ తలూపింది.

"అయితే ఫరవాలేదు. రెండు రోజుల్లో తగ్గుతుంది. కమిలింది పచ్చగా అయ్యాక జుట్టు వెనక్కి దువ్వకు, కనబడుతుంది."

"అక్కా, నేను చెప్పకపోతే తప్పు..."

"ఏ కన్నన్నావు?"

"ఆఁ?"

"కుడిదా, ఎడమదా?"

"కుడిది."

పెద్దకోడలు గుడ్డ పిండింది. నీళ్ళు సింకులోకి ధారగా కారాయి.

"పద్నాలుగేళ్ళు, చెల్లీ. చెవి పోయింది, పక్కటెముక విరిగింది, కడుపులో బిడ్డ పోయింది. ఒక్కసారి కూడా ఎందుకు కొట్టావని అడగలేదు. ఆరోజు డాక్టరు బొమ్మ చూపించి, ఇదమ్మా గడ్డ అన్నాడు. అక్కడే కూలబడ్డాను. అయ్యో, కొట్టింది ఈయన కాదు, ఇదా అనుకున్నాను. ఈ తొమ్మిది రోజులూ ఆయన గుండె మీద చెయ్యేసి పడుకున్నాను. అన్నీ క్షమించేశాను. చిట్టా విప్పి ఒక్కొక్కటీ క్షమించాను. చెవి దగ్గర్నుంచి మొదలుపెట్టి."

స్కానమ్మ కుళాయి కట్టేసింది.

"ఇప్పుడు నువ్వొచ్చి గడ్డ కాదు, కన్ను అంటున్నావు. మరి నేను ఎవర్ని క్షమించినట్టు?"

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"నన్ను తిట్టు అక్కా. ఆ నలభై సెకన్లు..."

"నువ్వు భయపడ్డావు. నాకు తెలియదా భయం సంగతి? నిన్నేమీ అనను." పెద్దకోడలు గుడ్డ ఆరేసింది. "ఒక్కటే అడుగుతాను. అక్కడ నిన్నెవరూ అడక్కపోతే, నీ అంతట నువ్వు చెప్పకు. అబద్ధం చెప్పమనట్లేదు. ఊరుకో, అంతే."

"ఆయన్ని జైలుకి పోనివ్వకూడదని ఇంత చేస్తున్నావా?"

పెద్దకోడలు చేతులు తుడుచుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి సంచి భుజానికి తగిలించుకుంది.

---

మూడో అంతస్తులో ఆపరేషన్ గది ముందు పొడవాటి హాలు. గోడకి బెంచీ. బెంచీ మీద ఇన్‌స్పెక్టరు. నిందితుడు ఆస్పత్రి దాటిపోకుండా చూడ్డం అతని పని. పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అందర్నీ చదువుతున్నాడు.

ఆకుపచ్చ గౌను తొడుక్కుని మేస్త్రి ట్రాలీ మీద కూర్చున్నాడు. బాగా నటించాడు. చేతులు వణికించాడు కూడా.

"డాక్టరుగారూ, నాకు భయంగా ఉంది. ఇవాళ వద్దు. ఇంకోసారి చూద్దాం."

సర్జన్ పొట్టి మనిషి. అప్పుడే ఒక ఆపరేషన్ ముగించి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"భయం అందరికీ ఉంటుంది. పడుకోండి."

"వద్దంటే వద్దు. నా తల, నా ఇష్టం."

"అదే కదా ఇబ్బంది." సర్జన్ ఫైలు తెరిచాడు. "ఇది మీరు పోలీసులకి రాసిచ్చిన కాగితం. 'నా తలలోని గడ్డ వల్ల నా మీద నాకు అదుపు లేదు. నేను చేసేవీ, అనేవీ నా ఇష్టం మీద జరిగేవి కావు.' కింద మీ సంతకం. ఇప్పుడు మీరు వద్దంటున్నది మీరో, గడ్డో నాకెలా తెలుస్తుంది? ఇలాంటప్పుడు భార్య మాటే చెల్లుతుంది."

మేస్త్రి వణుకు ఆగిపోయింది.

"ఆ కాగితం మీకెవరిచ్చారు?"

"నేనే," అంది పెద్దకోడలు. "ఇందాక ఫైల్లో పెట్టాను. లాయరుగారు బాగా రాశారు."

అర్థమవడానికి అతనికి రెండు క్షణాలు పట్టింది. స్కానమ్మకి ఒకటే పట్టింది.  జైలు తప్పించడానికి కాదు. అక్క నోరు మూసుకోమన్నది ఈ కోత జరగాలని.

మేస్త్రి ట్రాలీ మీంచి దూకాడు. అడ్డం వచ్చిన అటెండరు ముక్కు మీద తలతో గుద్దాడు. గుండు మీద నెత్తురు చింది ముందుకి కారింది. సెలైను స్టాండు తీసుకుని తిప్పాడు. గోడ మీది గడియారం రాలింది. నలుగురు మీదపడ్డారు. ఒకడి చెయ్యి కొరికాడు. ఇన్‌స్పెక్టరు మోకాలు వీపు మీద ఆనించాకగానీ లొంగలేదు. ఎత్తి ట్రాలీ మీద పడేసి, ఛాతీకీ కాళ్ళకీ చేతులకీ బెల్టులు బిగించారు.

"చూశారుగా," అన్నాడు సర్జన్ ఆయాసపడుతూ. "గడ్డ ఎంత పని చేయిస్తోందో."

పెద్దకోడలు పెన్ను అందుకుంది.  సంతకం పెట్టి, కింద గీత కూడా గీసింది.

"అమ్మాయీ!" మేస్త్రి అరుపుకి హాలంతా మోగింది. "అమ్మాయీ, చెప్పు! గడ్డ లేదని చెప్పు! నా కన్నని చెప్పు! నీ కాళ్ళు పట్టుకుంటా తల్లీ, చెప్పు!"

పొద్దున తన గొంతు నొక్కిన చెయ్యి బెల్టు కింద గింజుకుంటోంది. స్కానమ్మ పెద్దకోడలి వైపు చూసింది. పెద్దకోడలు ఆమె వైపు చూడలేదు. ఊరుకోమని కళ్ళతో కూడా అనలేదు. తలుపు మీద ఎర్ర దీపం కేసి చూస్తూ నిలబడింది.

ఏమీ లేని తలకి కన్నం పెడతారు. తన చేత్తో తీసిన బొమ్మ చూసి.

"డాక్టరుగారూ," అంది స్కానమ్మ. గొంతు గరగరలాడింది. "అది గడ్డ కాదు. కన్ను."

చెప్పింది. గీతలు, మడత, నలభై సెకన్లు. తీసేసిన ఎర్ర అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. సర్జన్ గోడకున్న స్క్రీను మీద బొమ్మ తెరిచి, కొలత గీత లాగి, కంటి నుంచి గడ్డ దాకా తనే కొలిచాడు. నూట ఇరవై ఎనిమిది. మళ్ళీ కొలిచాడు. అదే అంకె వచ్చింది.

ముందు ఇన్‌స్పెక్టరు లేచాడు. పేపరు మడిచాడు.

"అంటే, ఆ పనివాణ్ణి కొట్టిన రోజున ఇతని తలలో ఏమీ లేదు. అంతేనా?"

స్కానమ్మ తలూపింది.

మేస్త్రి ఇన్‌స్పెక్టరు నడుముకి వేలాడుతున్న సంకెళ్ళు చూశాడు. ఆపరేషన్ గది తలుపు చూశాడు. మళ్ళీ సంకెళ్ళు చూశాడు.

"ఉంది!" అన్నాడు. "గడ్డ ఉంది! అది అబద్ధాలకోరు! నామీద కక్ష దానికి! రిపోర్టు మీద పెద్ద డాక్టరు సంతకముంది, దీని మాటేంటి?"

"ఒరేయ్ అన్నయ్యా..." అన్నాడు ఇంజనీరు. పుట్టాక మొదటిసారి ఒరేయ్ అన్నాడు.

"మరి ఉన్నప్పుడు తీయించుకోవడానికి ఏం?" అంది పెద్దకోడలు ట్రాలీ దగ్గరికి వస్తూ. "మీరే ఉందంటున్నారు. సంతకం నేను పెట్టాను. పదండి."

సెలైను సూది గుచ్చడానికి ఒక చేతి బెల్టు వదులు చేసి ఉంచారు. ఆ చెయ్యి పాములా జారి బయటికొచ్చింది. పెద్దకోడలి మణికట్టు దొరకబుచ్చుకుని మెలితిప్పింది. ఈసారి చప్పుడు అందరికీ వినబడింది.

ఆమె అరవలేదు. పెదవి కొరుక్కుంది. అటెండర్లు అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పారు. వేలాడుతున్న చేతిని ఆమె పొట్టకి ఆనించుకుంది.

"ఇది ఎడమచెయ్యి డాక్టరుగారూ," అంది. "కుడిచేత్తో సంతకం ముందే పెట్టేశాను. తోసుకెళ్ళండి."

అటెండర్లు సర్జన్ మొహం చూశారు. సర్జన్ జేబులోంచి తెల్లకాగితం తీసి స్కానమ్మ ముందు బల్ల మీద పెట్టాడు.

"రేడియాలజిస్టు రాసిన రిపోర్టుని నోటిమాట మీద నేను కొట్టెయ్యలేను. ఇప్పుడు చెప్పింది రాసి సంతకం పెట్టండి, ఆపేస్తాను. మీ ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను. రాయనంటారా, ఈవిడ సంతకం ఉంది. లోపలికి తీసుకెళ్తాను."

"రాయమ్మా," అన్నాడు మేస్త్రి. ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకి వేశాడు. "వద్దు! రాయొద్దు!" అన్నాడు. తలుపు మీది ఎర్ర దీపం ఆరి, గది సిద్ధమైందని పచ్చదీపం వెలిగింది. "ఆగు... రాయి... ఆగు..."

పెద్దకోడలు కుడిచేతిలోని పెన్ను చాచింది. 

స్కానమ్మ పెన్ను అందుకుంది. తేదీ వేసింది. 'ఈ బొమ్మలో కనిపించేది' అని రాసి, ఆ విరిగిన చేతి కేసి చూస్తూ ఆగిపోయింది.